అత్తయ్య చేతిలో పాత ఇంగ్లీషు చీటీలు

ఓవర్‌మారో అని ఇంగ్లీషులో ఒక పాత మాట ఉంది. ఎల్లుండి అని అర్థం. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళే దాన్ని వాడరని నేను చెప్పినప్పుడు, చీటీ పట్టుకున్న మా అత్తయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎల్లుండికి మాట లేకపోతే ఎలాగమ్మాయ్? ఎల్లుండి రొయ్యలు తెస్తానని చెప్పాలంటే ఏమంటారు?"

"రేపటి తర్వాతి రోజు అంటారండి."

"అంత పొడుగా! ఈలోపు బేరం పోదూ?"

మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, చేపలు అమ్ముతుంది. తెల్లారేసరికి రేవుకు వెళ్ళి పడవల దగ్గర చేపలు కొని, గంపతో రావులపాలెం వెళ్ళి అమ్ముకుని, పదకొండింటికి ఇల్లు చేరుతుంది. ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు అక్షరం రాదు. నా ఇంగ్లీషు లెక్చరర్ పరీక్షకు నన్ను చదివించింది ఈవిడేనంటే మా కాలేజీలో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి.

అంతకుముందు రెండుసార్లు రాసి తప్పాను. మూడోదే ఆఖరు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. రెండుసార్లూ నన్ను ముంచింది పాత ఇంగ్లీషు కవిత్వమే. అందులోని మాటలు ఇప్పుడు ఎవరి నోటా వినపడవు. అందుకని పాత శుభలేఖలు ముక్కలుగా కోసి, ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు తెలుగులో దాని అర్థం రాసుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుంటే, ఆలోచించకముందే చెయ్యి చీటీ తిప్పేసేది. అది చూసి ఓ రోజు అత్తయ్య కట్ట మొత్తం లాక్కుంది.

"నేనడుగుతాను, నువ్వు చెప్పు."

అలా మొదలైంది. 'చలికాలంలో ఎండ వెచ్చదనం' అని ఆవిడ చదివితే నేను అప్రిసిటీ అనాలి. 'మునిమాపు వేళ' అంటే గ్లోమింగ్. చెబితే చీటీ కుడివైపు, తెలియదంటే ఎడమవైపు. నేను చెప్పింది సరో కాదో ఆవిడకెలా తెలుస్తుందని లోలోపల నవ్వుకునేదాన్ని. నేను చెప్పిందే వేదం కదా!

ఆ ధీమాతోనే ఒక పాడు పని చేశాను. వంట పని మిగిలిపోయి, పిల్లాడి బట్టలు నానుతూ, తల వేడెక్కి ఉన్న ఒక రోజు ఆవిడ 'మొన్న' అని చదివింది. ఎంతకీ గుర్తు రాలేదు. నోటికొచ్చిన మాటేదో గట్టిగా అనేశాను. చీటీ కుడివైపు వెళ్ళింది. ఎంత హాయిగా ఉందో! ఆ తర్వాత మరో నాలుగైదు రోజులు, రాని చోటల్లా అలాగే నెట్టుకొచ్చాను. ఎదురుగా ఆవిడేమో ఎండలో తిరిగొచ్చిన కాళ్ళు చాపుకుని, శ్రద్ధగా చీటీలు పేర్చేది. సిగ్గేసింది. అయినా చెప్పలేదు.

పరీక్షకు ముందు రోజు అత్తయ్య రేవుకు వెళ్ళలేదు. పొద్దున్నే కొంగుముడి విప్పి పదకొండు చీటీలు నా ముందు పెట్టింది.

"ఇయ్యి నీకు రావమ్మాయ్. ఇవాళంతా ఇయ్యే చదువు. వంట నేను చూసుకుంటాను."

ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ నేను బొంకినవే. వచ్చినది ఒక్కటి కూడా పొరపాటున అందులో కలవలేదు.

"మీకెలా తెలిసిందండీ?"

"రేవులో వాడు చేప తాజాదే అంటాడు. వాడి మాట వింటానా? మొప్ప ఎత్తి చూస్తాను. నీకు వచ్చిందైతే కాసేపు గోడకేసి చూసి నెమ్మదిగా చెప్తావు. రానిదైతే నా మొహంలోకే చూస్తా గబుక్కున అనేస్తావు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కసురుకుంది. "ఆ ఏడుపేదో రేపు పరీక్షయ్యాక ఏడుద్దువుగాని. ముందు చదువు."

మధ్యాహ్నానికి పదకొండూ నోటికి వచ్చేశాయి. మర్నాడు రాజమండ్రి వెళ్ళి పరీక్ష రాశాను. ఆ పదకొండులో ఒక్కటీ అడగలేదు, అది వేరే సంగతి. పాత కవిత్వం మాత్రం ఈసారి నన్ను ముంచలేదు. ఉద్యోగం వచ్చింది.

చేరాల్సిన రోజు పొద్దున అత్తయ్య రేవుకు వెళ్ళడం మానేసి, పెరట్లో కూరకు చేపల పొలుసు తీస్తోంది. బయల్దేరుతూ, అన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగేశాను.

"అత్తయ్యా, నేను అబద్ధం చెప్పిన రోజే ఎందుకు నిలదియ్యలేదండీ?"

ఆవిడ తలెత్తలేదు. "నిలదీస్తే ఆ చీటీలు మళ్ళీ నా చేతికి ఇచ్చేదానివా? చదువుకి సంబంధించిన పని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదమ్మాయ్. అదెక్కడ పోతుందోనని భయమేసింది."

బస్సుకు టైమవుతోంది. పొలుసంటిన ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "చీర పాడవుద్దే!" అని ఆవిడ వెనక్కి లాక్కుంది. కాలేజీ మెట్లెక్కుతుంటే నా చేతులు ఇంకా నీచు వాసన వేస్తున్నాయి. కడుక్కోకుండానే మొదటి క్లాసుకు వెళ్ళాను.