చుక్క పెట్టిన పేర్లు

జనన మరణాల నమోదు కార్యాలయంలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. పై అధికారి మొదలు గేటు దగ్గర కాపలాదారు దాకా అందరికీ ఆవిడ రికార్డులమ్మే. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, రికార్డుల సెక్షన్‌కి పెద్ద. మొదట్లో లావుపాటి రిజిస్టర్లలో చేత్తో రాసింది. కంప్యూటర్ వచ్చాక అందరికంటే ముందు నేర్చుకుంది. అప్పటి సాఫ్ట్‌వేర్ మహా మొండిది. దాని లోపల ఏముందో చూసే హక్కు, తయారుచేసిన కంపెనీకి తప్ప ఎవరికీ లేదు. ఆ కంపెనీవాళ్లేమో ఫోన్ ఎత్తరు. దాంతో అది మొరాయించినప్పుడల్లా అందరూ ఆవిడ బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. మీరు లేకపోతే ఈ ఆఫీసు మూతపడుతుందని ఎవరైనా అంటే పైకి కసురుకునేది గానీ, ఆ పూటంతా ఆవిడ నడకే వేరుగా ఉండేది.

ఆ మొండి సాఫ్ట్‌వేర్‌కి ఒక అవలక్షణం ఉంది. ఒకసారి ఒక మనిషి చనిపోయినట్టు నమోదైతే దాన్ని చెరపనివ్వదు. కానీ చనిపోయాడనుకున్న మనిషి తిరిగొచ్చిన సందర్భాలు ఉంటాయి కదా. అలాంటి పేరు చివర రికార్డులమ్మ ఒక చుక్క పెట్టేది. చుక్క ఉంటే ఆ మరణం రద్దయినట్టు. ఎవరైనా పత్రం కోసం వస్తే గుమస్తాలు ఆవిడనే అడిగేవాళ్లు, ఆవిడ చూసి చెప్పేది. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఒక వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రభుత్వ ఆఫీసులన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే వాడాలి. అంటే ఎక్కడెక్కడివాళ్లో ఇష్టంకొద్దీ కలిసి రాసింది; దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఆ మార్పు చేయించడానికి ఒక టెక్నికల్ ఆఫీసరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. వచ్చిన వారంలోనే, ఇక ఏ సందేహం వచ్చినా ఎవరి బల్ల దగ్గరికీ పరిగెత్తక్కర్లేదని గుమస్తాలందరికీ చెప్పాడు. ఆ మాట ఆయన మంచికే అన్నాడు. రికార్డులమ్మకి మాత్రం గుండెలో ముల్లులా దిగింది.

పాత రికార్డులన్నీ కొత్తదాంట్లోకి మార్చే ముందు ఆయన నోటుపుస్తకం పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"రాసిపెట్టని అలవాట్లేమైనా ఉన్నాయా మేడమ్? గుర్తులు, కిటుకులు లాంటివి?"

"అబ్బే, ఏమీ లేవండీ. అన్నీ రూల్ ప్రకారమే" అంది ఆవిడ.

పెద్ద కుట్ర ఏమీ కాదు. నాలుగు రోజులు తంటాలు పడనీ, అప్పుడు తనే వచ్చి అడుగుతాడు అనుకుంది. అంతే.

కొత్త సాఫ్ట్‌వేర్ చక్కగా నడిచింది. ఆసుపత్రులతో కూడా దాన్ని కలిపారు. ఆవిడని అడిగేవాళ్లు తగ్గిపోయారు. మూడో నెలలో ఒక దర్జీ వచ్చాడు. కళ్లలో ఒత్తిడి పెరిగి చూపు పోతోందని, వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పాడట. తీరా చేర్చుకోబోతే, ఈ పేరుగల మనిషి పద్దెనిమిదేళ్ల కిందటే చనిపోయాడని ఆసుపత్రి కంప్యూటర్‌లో వచ్చిందట. మూడు వారాలుగా తిరగని ఆఫీసు లేదు.

రికార్డులమ్మ అతన్ని చూడగానే గుర్తుపట్టింది. ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు కనిపించకుండా పోయి, ఏడాది తర్వాత తిరిగొచ్చిన మనిషి. ఆ చుక్క పెట్టింది తనే. కొత్త సాఫ్ట్‌వేర్‌కి దాని అర్థం తెలియదు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఈలోగా పై అధికారి గదిలోంచి కేకలు మొదలయ్యాయి. ఊరూ పేరూ లేనివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ బతికున్నవాణ్ణి చంపేసిందని, కారణం తేలేదాకా ఒక్క నమోదునీ ముట్టుకోవద్దని, తేలకపోతే పాతదే తిరిగి తెస్తామని. టెక్నికల్ ఆఫీసరు తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ ఫైలు తిరగేస్తూ కూర్చుంది.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. దర్జీ రోజూ వచ్చి ఆవిడ బల్లకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడు. ఆవిడకి ఇంట్లో ముద్ద దిగేది కాదు. ఒంట్లో బాగాలేదా అని భర్త అడిగితే ఎండ అంది. ఈ రోజు చెబుదాం అనుకుంటూ బస్సెక్కేది, మెట్లెక్కి నేరుగా తన బల్ల దగ్గరికే వెళ్లిపోయేది.

పదో రోజు పొద్దున టెక్నికల్ ఆఫీసరు ఆవిడని పిలిచి కంప్యూటర్‌లో ఒక ఉత్తరం చూపించాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో మరణాల భాగం రాసింది ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక లెక్కల టీచరట. వీళ్ల ఫిర్యాదు చదివి, సెలవు పెట్టుకుని తన కోడ్ అంతా మూడుసార్లు వెతికాడట. తప్పు దొరకలేదని, క్షమించమని, ఆ దర్జీగారి కళ్లు ఎలా ఉన్నాయో చెప్పమని, మళ్లీ మొదటినుంచి వెతుకుతానని రాశాడు.

రికార్డులమ్మ అది రెండుసార్లు చదివింది.

"ఆయన్ని ఇంక వెతకొద్దని చెప్పండి. ఆ తప్పు నాది" అంది.

చుక్కల సంగతి మొత్తం చెప్పింది. ఆయన నోటుపుస్తకం తెరిచి పాత పేజీ ఒకటి వెతికాడు.

"ఆ రోజు నేను అడిగాను కదండీ" అన్నాడు.

"అడిగారు."

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"నూట పదమూడు."

మధ్యాహ్నానికల్లా నూట పదమూడుమందీ బతికారు. ఆ వారంలోనే దర్జీకి ఆపరేషన్ జరిగింది. కుడికన్ను నిలిచింది, ఎడమకన్ను పోయింది. తొమ్మిది రోజుల ముందు చేసి ఉంటే దక్కేదా అని ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్లి మరీ అడిగింది. దక్కేదనీ చెప్పలేను, దక్కేది కాదనీ చెప్పలేను అన్నాడాయన. ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకి.

విచారణ జరిగింది. సెక్షన్ పెద్ద హోదా నుంచి ఆవిడని తీసేసి, మామూలు గుమస్తాగా ఉంచారు. సాఫ్ట్‌వేర్ ఉండిపోయింది. చేసిన ప్రతి మార్పుకీ కారణం అందరికీ కనిపించేలా రాయడం దాని పద్ధతి. చుక్కల గురించి టెక్నికల్ ఆఫీసరు అక్కడ 'సిబ్బందిలో ఒకరు తెలియజేసిన పాత అలవాటు' అని రాశాడు. 'తెలియజేసిన' బదులు 'దాచిన' అని రాయమని ఆవిడ అడిగింది. ఆయన మార్చలేదు. ఆ 'తెలియజేసిన' అన్న మాట కనబడ్డప్పుడల్లా ఆవిడ చూపు తిప్పుకునేది.

నెల తర్వాత దర్జీ కొట్టుకి వెళ్లింది. అతను మెడ బాగా పక్కకి తిప్పి, ఒంటికన్నుతో కుట్టు చూసుకుంటున్నాడు. ఆవిడని చూసి లేచి స్టూలు వేశాడు.

"రండమ్మా. ఆఖరికి మీరే కదా నిజం చెప్పింది. అందరూ అంటున్నారు."

"మీరు వచ్చిన మొదటి రోజే నాకు తెలుసండీ" అంది ఆవిడ నిలబడే. "తొమ్మిది రోజులు చెప్పలేదు."

అతను చేతిలో గుడ్డని మడత మీద మడత పెట్టాడు.

"ఆ తొమ్మిది రోజులూ నేను మీ ఎదురుగానే కూర్చున్నాను కదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. తర్వాత మళ్లీ పనిలో పడ్డాడు. ఆవిడ స్టూలు మీద కూర్చోకుండానే వచ్చేసింది.

ఆ తర్వాత ఇతర ఆఫీసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు టెక్నికల్ ఆఫీసరు ఆవిడని వెంట తీసుకెళ్లేవాడు. ఆవిడ తనలాంటి పాతవాళ్ల పక్కన కూర్చుని, తను చేసింది చెప్పి, మీ దగ్గర ఏమున్నాయని అడిగేది. చాలామంది చెప్పేవాళ్లు. దీంతో చేసిన తప్పు కాస్త మాసిపోయి ఉంటుందిలే అని ఒకసారి భర్త అన్నాడు. దర్జీ కొట్టున్న వీధిలోంచి వెళితే బస్సు స్టాపు దగ్గరే. ఆవిడ ఇప్పటికీ చుట్టుతిరిగి, మార్కెట్ వెనకనుంచి వెళుతుంది.