నాలుగో గడి బేరం

పన్నెండేళ్లుగా పేపర్లో ఉమ్మడి జిల్లా పేజీ అడుగున రోజూ మూడు గడుల బొమ్మలు గీస్తున్నాను. వాటిలో ఉండేది ఇద్దరే: ఒక బట్టల దుకాణదారు, ఎంతకీ బేరం తెగనివ్వని ఒక ముసలామె. దుకాణదారుకు నా ముక్కే పెట్టాను, ఊహించే శ్రమ తప్పింది. కోరుట్లలో మా బట్టల దుకాణం గల్లా పక్కన కూర్చుని పెరిగినవాణ్ని, సరుకు కోసం ఎక్కడికో వెళ్లాల్సిన పనిలేదు.

ఒకనాడు పేజీ చూసే ఇంచార్జి జగిత్యాల ఆఫీసుకు పిలిచి, ఇకపై ఒక్క గడి చాలన్నాడు. మిగిలిన జాగా ప్లాట్ల ప్రకటనకు కావాలట. ఒక్క గడిలో బేరం మొదలవుతుంది గాని తెగదు. ఒప్పుకుంటే నా బొమ్మల పని ముగిసినట్టే.

అప్పుడు నాకు దుకాణం తెలివి పనికొస్తుందనిపించింది. ధర నచ్చని గిరాకి లేచి మెట్లు దిగుతాడు. మూడో మెట్టు దాటకముందే మా బాపు, అంటే మా నాన్న, వెనక్కి పిలిచేవాడు. నేనూ నమస్తే పెట్టి లేచాను. రెండంతస్తులు వీలైనంత మెల్లగా దిగాను. అవసరం లేకున్నా మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకున్నాను. కింద కుండలో నీళ్లు తాగాను. దాహం కూడా లేదు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు నా బొమ్మల చోట ప్లాట్లు వచ్చాయి. నా భార్య పేపరు మడిచి పక్కన పెట్టింది.

"పిలుస్తరని ఎట్లనుకున్నవ్? ఆయనేమన్న చీరెలమ్మెటోడా?"

తొమ్మిదో రోజు ఇంచార్జే ఫోన్ చేశాడు. సిరిసిల్లలో సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపేవాళ్లు పేపరు ఏజెంటును నిలదీస్తున్నారట. బొమ్మలు లేని పేపరు మాకెందుకని కార్ఖానాలకు కార్ఖానాలే వద్దంటున్నాయట.

"అన్నా, రేపటి సంది మళ్ల మూడు గడులియ్యి."

"నాలుగైతెనే."

"సరే, నాలుగే ఇయ్యి గని జల్ది పంపు."

అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఐదు అడగాల్సిందని ఆ పూటంతా బాధపడ్డాను.

నాలుగు గడులు అచ్చయిన పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను. నన్ను నిలబెట్టినవాళ్లను చూడాలనిపించింది. ఏజెంటు ఒక కార్ఖానాకు తీసుకుపోయాడు. లోపల సాంచాల మోతకు పక్కమనిషి మాట కూడా వినపడదు, ముచ్చట్లన్నీ చేతులతోనే. ఒకాయన పేపర్లోంచి నా బొమ్మల ముక్క చింపి పక్క సాంచ దగ్గరి మనిషికి అందించాడు. అతడు చూసి, ముసలామె లాగే చెయ్యి తిప్పి, అవతలివాడికిచ్చాడు. ముక్క పోయినంత దూరం భుజాలు ఊగుతున్నాయి. ఒక్క నవ్వూ వినపడలేదు. అది చివరి సాంచ దాకా చేరేవరకు నేను గుమ్మంలోనే నిలబడి చూశాను.