తెరుచుకోని హాల్‌టికెట్

మొన్న జిరాక్స్ తీయిస్తుంటే అప్పుడే బయటికొచ్చిన కాగితం వేడి వాసన ముక్కుకు తగిలింది. అంతే, అయిజ బస్టాండు దగ్గర రజియక్క నడిపిన నెట్ సెంటర్‌లో, మా అక్క చున్నీ పట్టుకుని నిలబడ్డ పదేళ్ల పిల్లనైపోయాను.

అది మామిడికాయ ముక్కలు ఎండబెట్టే కాలం. వాకిట్లో ఒరుగుల వాసన కమ్ముకుంటుంటే పిల్లలం అష్టాచెమ్మా ఆడేవాళ్లం. మా నాయన తల్లి, మా అవ్వ, చేట ముందేసుకుని విత్తనానికి పల్లీలు ఏరేది. అక్క మాత్రం తలుపేసుకుని పాలిటెక్నిక్ పరీక్షకు చదివేది. సీటు రాకుంటే ఇంటిల్లిపాదితో పాటు సీడుపత్తి చేన్లలో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే పనికి రావాలని నాయన ముందే చెప్పాడు.

పరీక్షకు ముందురోజు పొద్దున హాల్‌టికెట్ కోసం నాయన, అక్క, నేను, అవ్వ నలుగురం బయల్దేరాం. అవ్వను ఎవరూ పిలవలేదు, అయినా వచ్చింది. దుమ్ము లోపలికి పోతే కంప్యూటర్‌కు సర్ది చేస్తుందని రజియక్క అందరి చెప్పులూ బయటే విడిపించింది. హాల్‌టికెట్ దించుతుంటే నెట్ మధ్యలో తెగింది. వచ్చినదాన్ని నొక్కితే, ఫైలు పాడైంది, తెరవలేనంది కంప్యూటర్.

రజియక్క మళ్లీ దించింది. అదే మాట. వేరే బ్రౌజర్‌లో దించింది, పాత చెత్తంతా తుడిచి దించింది, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి దించింది. ప్రతిసారీ అదే మాట. కరెంటు సరిగ్గా లేదన్నాడు నాయన. వెనక కూర్చున్న విత్తనాల వ్యాపారి ఇది వైరసేనని చెప్పి, తనకంటుకుంటుందేమోనని కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు. అవ్వ షర్బత్ బండి దగ్గర నిమ్మకాయ అడిగి తెచ్చి కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పింది. రజియక్క వద్దనలేదు, తనూ ఏదో చదివి తెర మీద మెల్లగా ఊదింది. అక్క మాత్రం కళ్లు తుడుచుకుంటూ గోడవైపు తిరిగింది.

నిమ్మకాయ చేతిలో పట్టుకుని తెరనే చూస్తున్న అవ్వ, అక్షరం ముక్క రాని అవ్వ, రజియక్క భుజం తట్టింది.

"బిడ్డా, మొదటిసంది ఆ మీది దాన్నే ఒత్తుతున్నవు. కింద గసొంటివే ఇంకా నాలుగున్నయి గదా, అవెందుకు ముడుతలేవు?"

రజియక్క ముందుకు వంగింది. ఒకే పేరు, చివర ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. తర్వాత దించినవన్నీ నిండుగానే వచ్చి వరుసగా కూర్చున్నాయి. మేము మాత్రం నెట్ తెగినప్పుడు సగమే దిగిన మొదటి దాన్నే తెరుస్తూ వచ్చాం. అడుగుదాన్ని నొక్కగానే సగం కళ్లు మూసుకున్న అక్క ఫోటోతో హాల్‌టికెట్ ప్రత్యక్షమైంది. నీకెట్ల తెలిసిందని నాయన అడిగాడు.

"తెల్సుడేముంది? పుచ్చిన పల్లికాయనే పదిమార్లు ఒలిస్తె పప్పొస్తదా?" అంది అవ్వ.

నాలుగు కాపీలు తీయించుకున్నాం. అవ్వ తన వంతు కాపీని వక్కాకు సంచిలో పెట్టుకుంది; సాయంత్రానికి అందులో అక్క మొహం ఎర్రబడింది. అక్క గద్వాలలో పరీక్ష రాసింది, వనపర్తిలో సీటొచ్చింది.

ఇప్పుడు ఆ నెట్ సెంటర్ లేదు, అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అవ్వా లేదు. ఫైలు తెగితే ఫోనే మళ్లీ తెచ్చుకుంటుంది, ఫలితాలూ జేబులోకే వచ్చి పడతాయి. ఆ ఏడు మాత్రం అక్క ఫలితం మాకు చెప్పడానికి రజియక్క షాపు మూసి, ఎండలో ఊరి చివరి మా ఇంటిదాకా నడిచొచ్చింది. వాకిట్లో నిలబడి, రొప్పుతూ, ముందు మంచినీళ్లు అడిగింది. అవి తాగి చెంబు కింద పెట్టేదాకా మేమెవరమూ ఊపిరి తీసుకోలేదు.