హెల్మెట్ లేని సిపాయి

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నా భార్య అద్దాల బీరువా తాళం తీసేది. ప్రతి ఆదివారం అదే వేళకు. అంతకుముందు కుదిరేది కాదు. ఆమె గణపవరంలో చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేది. తెల్లవారుజామున చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రైతులు ఆ వేళకే ఫోన్ చేస్తారు. ఆదివారమైనా సరే, మంచం మీద కూర్చునే, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పమనీ, మేత ఆపమనీ చెబుతూ ఉండేది. బాగా వెలుతురు వచ్చాక ఫోన్లు తగ్గేవి. అప్పుడు మొహం కడుక్కుని, చేతులు పొడిగా తుడుచుకుని, బీరువా ముందు పీట వేసుకునేది.

బీరువాలో ఏడుగురు సిపాయిలు ఉండేవారు. ఒక్కొక్కరు అడుగు ఎత్తు. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు అవి. పెద్దవాళ్లు తెప్పించుకుని దాచుకునేవి. చొక్కా గుండీ నిజంగానే విడుతుంది. బెల్టు బకిల్ నిజంగానే బిగుస్తుంది. నడుముకున్న సంచి తెరిస్తే వడ్లగింజంత తూటాలు ఉంటాయి. మేముండే గూడెం నుంచి గణపవరం వెళ్లే బస్సులో ఫోన్ చూస్తూ ఆమె వాటి సంగతి తెలుసుకుంది. పండక్కి చీర వద్దని మొదటిదాన్ని తెప్పించుకుంది. మిగతావి ఏళ్ల మీద ఒక్కొక్కటే వచ్చాయి.

వాళ్లు ఏదో విదేశీ కంపెనీ అల్లిన కథలోని సైన్యం. పెట్టెతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఆ కథ ఉంది. ఇంకో నక్షత్రానికి వెళ్లే ఓడ అది. చేరడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది. అందరూ మేలుకుని ఉంటే గాలి, తిండి చాలవు. అందుకని దళమంతా హెల్మెట్లు బిగించుకుని నిద్రపోతుంది. ఒక్కడు మేలుకుంటాడు. వాడు హెల్మెట్ పెట్టుకోడు, చంకలో పట్టుకుని తిరుగుతాడు. వారానికి ఒకసారి, నిద్రపోతున్న వాళ్ల చేతులూ కాళ్లూ వంచి చాపుతాడు. లేకపోతే దిగే రోజుకి కీళ్లు బిగుసుకుపోయి ఎవరూ లేవలేరు. వాళ్లకి వయసు పెరగదు. వాడికి పెరుగుతుంది.

ఆ పుస్తకం చదివి నేను నవ్వాను. ఏలూరులో లైబ్రరీ ఉద్యోగం నాది. కథలో తప్పులు వెతకడం అలవాటు.

"అంత పెద్ద ఓడకి ఒక్కడే కాపలానా? సైన్యం నడిపే పద్ధతేనా ఇది?"

"మా నాన్న ఒక్కడే కాదేంటండీ, అంత చెరువుకి," అంది.

ఆమె పుట్టింది కొల్లేరు అంచున ఒక ఊళ్లో. వాళ్ల నాన్న వేరేవాళ్ల చెరువుకి కాపలా ఉండేవాడు. గట్టు మీద పాక, చేతిలో లైటు. కరెంటు పోతే ఇంజను వెయ్యాలి, పక్షులు దిగితే తోలాలి. తెల్లారాక ఇంటికొచ్చి పడుకునేవాడు. పిల్లలు మెలకువగా ఉండగా ఆయన మెలకువగా ఉండడం తక్కువ. మా పెళ్లికి ముందే పోయారు.

ఏడుగురిలో ఆరుగురికి మొహాలు లేవు, హెల్మెట్లే. మేలుకున్నవాడి మొహం మాత్రం చేసినవాళ్లు శ్రద్ధగా చేశారు. కళ్ల కింద చారలు, గడ్డంలో అక్కడక్కడ నెరిసిన వెంట్రుకలు, పెదవి పగులు కూడా కనిపించేవి. మా అత్తగారు మొదటిసారి చూసినప్పుడు బీరువా అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశారు.

"వీడికి నిద్ర లేదే," అన్నారు కూతురితో. "మీ నాన్నలాగే ఉన్నాడు, పొద్దున్నే ఇంటికొచ్చేటప్పుడు."

"మొహం అలా లేదు కదమ్మా."

"మొహం కాదే. చూపు."

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, కాళ్లు కడుక్కున్నాక ముందు బీరువా దగ్గరికే వెళ్లేవారు. "ఏం బాబూ, బాగున్నావా?" అనేవారు వాడితో.

కథ సంగతి అలా ఉంచినా, వారానికోసారి కదపడం నిజంగానే అవసరం. ఒంటికి పల్చటి రబ్బరు తొడుగు ఉంటుంది. మోచెయ్యి వంచి అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి మడత దగ్గర పగులుతుంది. పైగా మన గాలిలో తేమ. తోలులా కనిపించే బెల్టులు పొట్టుపొట్టుగా రాలిపోతాయి. ఆమె ఒక్కొక్కరినీ తీసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, వంగినవి చాపి, చాపినవి వంచి, సందుల్లో కాస్త పౌడరు అద్ది మళ్లీ నిలబెట్టేది. కొత్త బూట్ల పెట్టెలో తేమ పీల్చే చిన్న పొట్లం కనిపిస్తే ల్యాబ్‌లో వాళ్లంతా ఆమెకే తెచ్చి ఇచ్చేవారు. బూట్ల మీద కంపెనీ వేసిన బురద ఎర్రగా ఉందని ఆమెకి నచ్చలేదు. "బురద ఇలా ఉండదండీ," అని నల్లరంగు కలిపి కొల్లేరు బురద వేసింది.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. చూడ్డానికొచ్చిన నా భార్య పెద్దమ్మ ఒకరోజు ముక్కు మీద వేలేసుకుంది.

"ఏవే, హాల్లో ఈ విగ్రహాలేంటి?"

"దండం పెట్టట్లేదు పెద్దమ్మా, దుమ్ము దులుపుతున్నాను."

"రేపు దండం కూడా పెడతావు. పాస్టరు అయ్యగారు చూస్తే ఏమంటారు?"

"చూశారు. తుపాకీలో తూటాలున్నాయా అని అడిగారు."

పక్కింటావిడ ఒక ఏడాది బొమ్మల కొలువుకి ఇద్దరిని అడిగి తీసుకెళ్లింది. కింది మెట్టుకి అటొకణ్నీ ఇటొకణ్నీ నిలబెట్టి, "వీళ్లు దేవతల వైపా, రాక్షసుల వైపా అండీ?" అంది. "జీతం ఎవరిస్తే వాళ్ల వైపండి," అంది నా భార్య.

జబ్బు ఆ బీరువా దగ్గరే బయటపడింది. ఒక ఆదివారం సిపాయి బెల్టు బకిల్ ఆమె వేళ్లకి లొంగలేదు. "చూడండి, ఇది బిగిసిపోయింది," అని నాకిచ్చింది. నాకు తేలిగ్గానే వచ్చింది. మళ్లీ ఆమె ప్రయత్నించింది. రాలేదు. తర్వాత పిన్నీసు, తర్వాత ల్యాబ్‌లో గాజు గొట్టం. ఏలూరులో చూపించాం, విజయవాడలో చూపించాం. నరాల జబ్బనీ, కండరాలు ఒక్కొక్కటే బలం కోల్పోతాయనీ, ఆపే మందు లేదనీ చెప్పారు. ఆ మాటలు చెప్పిన డాక్టరు మంచివాడు. మేము లేచేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మంచం పట్టాక ఇంటికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. భుజం ఎలా పట్టుకోవాలో, మోకాలు ఎంత వంచాలో నాకు నేర్పింది.

"రోజూ కదపాలండీ. లేకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి," అంది.

నా భార్య బీరువా వైపు చూసి నవ్వింది. ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు.

"విన్నారా," అంది నాతో. "మాకందరికీ ఇక మీదే డ్యూటీ."

ఆదివారాలు ఆమెకి చేశాక సిపాయిలకి చేసేవాణ్ని. మంచాన్ని హాల్లోకి మార్చాం. ఆమె చెబుతుంటే నేను కదిపేవాణ్ని. "మెడ అలా తిప్పకండి, ఊడొస్తుంది." "వాణ్ని అంత వినయంగా నిలబెట్టారేంటండీ, పెళ్లిచూపులకొచ్చాడా?" నాకు కుంచె పట్టడం కూడా సరిగ్గా రాలేదని తేల్చింది. ఒకసారి తెలియక మేలుకున్నవాడి తలకి హెల్మెట్ తొడిగాను. తుడవడానికి రెండు చేతులూ కావలసి అలా పెట్టాను, అంతే.

"తియ్యండి," అంది. గొంతు అప్పటికే సన్నబడింది. "వాడికొక్కడికీ ఎప్పుడూ పెట్టకండి. పెడితే ఓడలో ఇంకెవరూ మేలుకుని లేనట్టే."

తీసేశాను. చంకలో పెట్టాను.

ఆమె వానలకి ముందు పోయింది. పగటిపూట, మధ్యాహ్నం భోజనాల వేళ. నేను పక్కనే ఉన్నాను.

పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక, మా హాల్లోనే పెట్టారు. బంధువులు వస్తారు, అయ్యగారికి కుర్చీ వెయ్యాలి, వెనక ఆ బొమ్మలు కనిపిస్తే బాగుండదని పెద్దమ్మగారన్నారు. ఎవరికైనా ఇచ్చెయ్యమని కూడా అన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ గట్టిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఇవి నా పిల్లవి. ఒక్కటీ బయటికి పోకూడదు," అన్నారు.

తనే ట్రంకు పెట్టె దించి తుడిచారు. కూతురి నూలు చీరలు అడుగున పరిచి, ఒక్కొక్క సిపాయినీ ఒక్కొక్క చీరలో చుట్టారు. పసిపిల్లల్ని చుట్టినట్టు, తల మీంచి కొంగు కప్పి. చీరల మధ్య కలరా ఉండలు వేశారు. ఈ తేమ ఊళ్లలో పెట్టెలో బట్టలు దాచే ఏ ఆడమనిషైనా వేస్తుంది. ఆవిడ మామూలుకన్నా ఎక్కువ వేశారు. మూత వేసి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"జాగ్రత్తగా ఉంటాయండి. పురుగు రాదు," అన్నారు.

పెట్టె అటకెక్కింది. వానలు వచ్చాయి, వెళ్లాయి. నేను పొద్దున్నే ఏలూరు రైలెక్కేవాణ్ని, సాయంత్రం దిగేవాణ్ని. తాళంచెవి మేకుకి వేలాడుతూ ఉండేది. చలికాలంలో ఒక ఆదివారం పెట్టె దించాను.

మూత తీయగానే ఘాటు వాసన కళ్లకి తగిలింది. మొదట విప్పిన చీరలో మేలుకున్నవాడే ఉన్నాడు. చీర సులువుగా రాలేదు. విప్పాక చూస్తే మొహం మెత్తబడి మళ్లీ గట్టిపడింది. ఒక చెంప మీద చీర నేత అచ్చు పడింది. కళ్ల రంగు కిందికి జారింది. కళ్ల కింది చారలు లేవు, పెదవి పగులు లేదు. ముక్కు ఉన్న చోటు తెలుస్తోంది. మిగతా ఆరుగురివీ హెల్మెట్లు మసకబారాయి, మోకాళ్లు, మోచేతులు జిగురు పట్టి అతుక్కున్నాయి. వంచబోతే చిన్నగా చిట్లిన శబ్దం వచ్చింది. ఆపేశాను.

ఈ బొమ్మలు దాచుకునేవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకునే చోట వెతికాను. కలరా ఉండల ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుందట. మూసిన పెట్టెలో మరీను. ఆ మొహం మళ్లీ దొరుకుతుందా అని ఒకతన్ని అడిగాను. ఆ తల ఇప్పుడు చెయ్యడం లేదని మర్యాదగా జవాబు రాశాడు.

అందులో ఎవరి తప్పూ లేదు. ఆవిడకి తెలిసిన పద్ధతుల్లో అన్నిటికన్నా మంచిది ఆవిడ చేశారు.

కొన్నాళ్లకి అత్తగారు ఫోన్ చేశారు. గూడెంలో కళ్లు చూపించుకోవాలట, భీమడోలు దాకా ఆటోలో వచ్చి రైలెక్కుతానన్నారు. "పెట్టె తీశారా అండీ? మళ్లీ బీరువాలో పెట్టారా?" అని అడిగారు. పెట్టానన్నాను. "ఆ అబ్బాయిని చూసి చాలా రోజులైంది," అన్నారు.

ఆవిడకి కూతురు పోయింది. మిగిలినవాటిని తన చేతులతో కాపాడానన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఉండాలో పోవాలో ఇప్పుడు ఆ మొహం మీద ఆధారపడి ఉంది.

ఆవిడ వచ్చే రోజు పొద్దున ఏడుగురినీ బీరువాలో నిలబెట్టాను. ఆరుగురి సంగతి పర్వాలేదు, దూరం నుంచి తెలియదు. ఏడోవాణ్ని చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత చంకలోని హెల్మెట్ తీసి వాడి తలకి తొడిగాను. హెల్మెట్ లోపలి జిగురుకి మొహం అంటుకున్నట్టు తెలిసింది. ఇక రాదని కూడా తెలిసింది. బీరువాకి తాళం వేశాను.

అత్తగారు కాళ్లు కడుక్కుని, చేతిసంచి భుజం మీంచి దించకుండానే బీరువా దగ్గరికి వెళ్లారు. ఆస్పత్రిలో కళ్లలో మందు వెయ్యడానికి ఇంకా టైముంది. అద్దానికి మొహం ఆనించారు. ఒకటొకటే చూశారు.

"ఈ అబ్బాయికి టోపీ పెట్టారేంటండీ?"

"డ్యూటీ అయిపోయిందండీ," అన్నాను. "పడుకున్నాడు."

ఆవిడ తల తిప్పకుండా నిలబడ్డారు. కూతురు చెప్పిన కథ ఆవిడకి బాగానే గుర్తుంది.

"మరి ఇప్పుడు ఎవరు మేలుకుంటున్నారు?"

ఆ పుస్తకంలో దీనికి జవాబు లేదు. "ఓడ చేరిపోయిందండీ, ఇక అక్కర్లేదు," అన్నాను.

"అలాగా." కొంగుతో అద్దం మీద తన ఊపిరి పట్టిన చోటు తుడిచారు. "పోన్లెండి. మీ మావగారిని కూడా పొద్దున పడుకున్నాక ఎవర్నీ లేపనిచ్చేదాన్ని కాదు."

నా వైపు తిరిగి అన్నారు, "ఒక్క పురుగు తగల్లేదు కదండీ?"

"ఒక్కటి కూడా తగల్లేదండీ."

ఆవిడ మొహం తేలికపడింది. చేతిసంచిలో వెతికి కాగితం పొట్లం తీశారు. తెల్లటి కలరా ఉండలు. "పాతవి అరిగిపోయుంటాయి. ఇవి బీరువాలో వెయ్యండి," అన్నారు. తీసుకున్నాను. సాయంత్రం ఆవిడని రైలెక్కించి వచ్చి, ఆ పొట్లాన్ని ఇంటి వెనక, బాత్రూము గూట్లో పెట్టాను. అక్కడే ఉంది.

తర్వాత ఆవిడ రెండుసార్లు వచ్చారు. అద్దం ముందు నిలబడతారు గానీ పలకరించరు. నిద్ర చెడుతుందని కాబోలు.

సిపాయిల కీళ్లు ఇప్పుడు కదపకూడదు, కదిపితే విరుగుతాయి. ఆదివారం ఉదయం మా ఇంట్లో ఎవరూ ఆ బీరువా తాళం తీయరు.