బావ అడిగిన లోతు

మా చెల్లెలి మొగుణ్ణి ఆటోనగర్ షెడ్డులోకి తీసుకొచ్చింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే తర్వాత నేను చెప్పబోయే కుళ్ళంతా దారినపోయే ఎవడి మీదో అనుకుంటారు. తొంభైల చివర్లో స్టీలుప్లాంటు మెషిన్ షాపులో అతని కాంట్రాక్టు పని అయిపోయింది. పెందుర్తిలో అద్దె ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. చెల్లి మొహం చూడలేక మా యజమాని దగ్గరికి వెళ్ళి, లేతు మిషను మీద టర్నర్ కావాలన్నారు కదా, మా బావ ఉన్నాడు అని చెప్పాను. నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు.

ఆర్నెల్లు తిరక్కుండా షెడ్డుకి వచ్చేవాళ్ళు "మీ బావ ఉన్నాడేటి?" అని నన్నే అడగడం మొదలుపెట్టారు. నేను పదిహేనేళ్ళుగా ఆ షెడ్డులో హెడ్ ఫిట్టర్‌ని. బండి గేటు దగ్గరికి రాకముందే శబ్దం విని రోగం చెప్పేవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని అతని ఆచూకీ అడుగుతారా! అతను చేసే ప్రతి పనీ నాకు ఎబ్బెట్టుగా కనిపించేది. చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాడు. ప్రతిదీ కొలిచి కాగితం మీద రాసుకునేవాడు. ఇంజను పనికి పెన్సిలేమిటి, బడికొచ్చాడా? ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తే మా అమ్మ వంజరం చేప ముక్కల్లో పెద్దది తీసి అతని కంచంలో వేసేది. అల్లుడు కాబట్టి వేస్తోందని నాకూ తెలుసు. అయినా ఆ ముక్క వంక చూస్తూ తిన్న అన్నం నా ఒంటికి పట్టేది కాదు.

ఆ రోజుల్లోనే ఆ కారు వచ్చింది. ఓడల్ని హార్బరులోకి నడిపించే పైలట్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన, తన తండ్రి కొన్న పాత ఇంగ్లీషు కారుని లారీ మీద వేయించుకుని తెచ్చాడు. పెదవాల్తేరులో ఇంటి వెనక రేకుల కింద పాతికేళ్ళు సముద్రపు గాలి తింటూ పడుందట. చెయ్యి వేస్తే తుప్పు అరచేతికి అంటుకొచ్చేది. బాడీ సంగతి తర్వాత, ముందు ఇంజను బతికించండి అన్నాడాయన.

"ఇంకో బ్లాకు దొరకదయ్యా. కలకత్తా, బొంబాయి అంతా వాకబు చేశాను. ఈ బ్లాకు పాడైందంటే నాకింక ఈ కారు లేనట్టే," అని చెప్పాడు. మా ఇద్దరికీ కలిపే చెప్పాడు గానీ చూపు మాత్రం మా బావ మీదే నిలిచింది. నేను పక్కకి తిరిగి లేని దుమ్ము దులుపుకున్నాను.

ఇంజను బ్లాకు మీద మూతలా ఉండే హెడ్డు విప్పింది నేను. హెడ్డుని బ్లాకుకి పట్టి ఉంచేవి స్టడ్లు. అంటే తల లేని బోల్టులు, ఒక కొస బ్లాకులో బిగిసి ఉంటుంది, రెండో కొసకి నట్టు పడుతుంది. మూడు రోజులు నూనె పోసి నానబెట్టి, వేడి చేసి, బతిమాలి ఒక్కొక్కటే తీశాను. అన్నీ బాగానే వచ్చాయి, వెనక మూలది తప్ప. అది బయటికి వస్తూ రంధ్రంలోని మరనంతా, అంటే స్టడ్డు తిరిగి బిగిసే గాడులన్నీ, గీరి తన వెంట పట్టుకొచ్చింది. వేలు పెట్టి చూస్తే లోపల ఇంచుమించు నున్నగా ఉంది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో తన చేతికి దొరికిన బోల్టుని అందులో బలవంతంగా దూర్చాడని తెలుస్తూనే ఉంది.

"పెద్ద సైజు ట్యాపు ఏసి, లావు స్టడ్డు పెట్టేద్దాం," అన్నాను. ట్యాపు అంటే రంధ్రంలో మర కోసే పనిముట్టు. మా షెడ్డులో ఎన్నో ఏళ్ళుగా చేసే పద్ధతి అదే.

బావ మిగిలిన మంచి స్టడ్డు ఒకటి తీసుకుని దాని మర మీద గేజి ఆనించాడు. దువ్వెన పళ్ళలా ఉంటుంది ఆ గేజి. ఒక్కొక్క ఆకూ మార్చి మార్చి చూసి, "ఇది మిల్లీమీటరు మర కాదు బావా. అంగుళం మర. అందులోనూ పాతకాలంది, దీని కోణమే యేరు. లావు స్టడ్డు ఎడితే హెడ్డు రంధ్రం కూడా పెద్దది సేయాల. సారుకి పాత స్టడ్డే పట్టేటట్టు సేద్దాం," అన్నాడు.

అతని ఆలోచన ఏమిటంటే, పాడైన రంధ్రాన్ని వెడల్పు చేసి, అందులో బయటా లోపలా మర ఉన్న ఇనుప బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, బిగించాలి. బుష్ లోపలి మర పాత స్టడ్డుకి సరిపోవాలి. ఆ మర కోసే ట్యాపు ఆటోనగర్ మొత్తం గాలించినా దొరకలేదు. నాకు లోపల్లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయి రెండు రోజులే. మూడో రోజుకి పనిముట్లు చేసే సిల్వర్ స్టీలు కడ్డీ తెచ్చి, లేతు మీద తనే ట్యాపు చేసుకున్నాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. మెరుగు పెట్టి మళ్ళీ సెగ చూపించాడు. ఎండుగడ్డి రంగు రాగానే తీసేశాడు. దాంతో ఒక తుక్కు ముక్కలో మర కోసి, స్టడ్డు తిప్పితే వేలి కొసతో దిగిపోయింది. మా యజమాని దాన్ని షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అలాంటి పని చేయడం నాకు చేతకాదు, నిజం అది. చేతనైన పని అయితే అంత మండేది కాదేమో.

ఇక ముందు రంధ్రాన్ని వెడల్పు చేయాలి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది, అది షెడ్డులో నాకొక్కడికే తెలుసునని నా ధీమా. ఆ మూల రంధ్రం అడుగున ఇనుము చాలా పల్చన. దాని కిందే ఇంజనుని చల్లబరిచే నీళ్ళ దారి. డ్రిల్లు ముప్పావు అంగుళం దాటి దిగిందంటే ఆ దారిలోకి చిల్లు పడుతుంది, బ్లాకు పోతుంది.

నాకెలా తెలుసంటే, బావ రాకముందు అదే రకం ఇంజను ఒకటి మా షెడ్డుకి వచ్చింది. అదే మూల మర పోయింది. నేనే డ్రిల్లు వేశాను. దిగుతూ దిగుతూ ఒక్కసారి ఖాళీలోకి జారిపోయింది. ఆ జారడం నా చేతికి ఇప్పటికీ గుర్తే. బ్లాకు ముందే పగిలి ఉందని యజమానికీ, కారు వాళ్ళకీ చెప్పాను. నా మాట నమ్మారు. ఆ బ్లాకుని షెడ్డు వెనక తుక్కులో పడేశాం.

డ్రిల్లు వేసే రోజు పొద్దున్నే పెద్దాయన కూడా వచ్చాడు. బావ బ్లాకుని పెద్ద డ్రిల్లింగ్ మిషను బల్ల మీద కట్టి, డ్రిల్లు బిట్టుని రంధ్రం నడిమధ్యకి సరిచూసుకున్నాడు. మిషను మాత్రం వేయలేదు. పెద్దాయన టీ తాగడానికి గేటు దాకా వెళ్ళేవరకూ ఆగి, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"బావా, ఇక్కడ ఎంత లోతు దిగొచ్చు? నువ్వు ఇలాటియి సూసినావు గదా."

ఆర్నెల్లుగా నేను కోరుకున్నది అదే. అతను నన్ను ఒక్కటైనా అడగాలని. తీరా అడిగాక నాకు సంతోషం కలగలేదు. లోతు నేను చెప్తాను, పని అతను చేస్తాడు, మెచ్చుకోలు అతనికి పోతుంది. అంతే కదా? ఆ ట్యాపు పట్టుకుని మా యజమాని తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. ఆ ఖాళీలోకి జారడం ఎలా ఉంటుందో ఇతని చేతికి కూడా ఒకసారి తెలియాలి అనిపించింది.

"నాకేటి తెల్సు? ఇనుమే గదా, దింపు," అన్నాను.

నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సర్లే బావా," అని వెళ్ళి మిషను వేశాడు.

పోత ఇనుము నల్లటి పొడిలా పైకి రాసాగింది. నా కళ్ళు ఆ బిట్టు మీదే ఉన్నాయి. పావు అంగుళం. అర. పెద్దాయన గేటు దగ్గర్నించి తిరిగొచ్చి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని వంగి చూస్తున్నాడు. తండ్రి కారు అది. ఆయన మొహం చూశాను. ఆపమని అరుద్దామనుకున్నాను. అరిచేవాణ్ణేనా అని ఇన్నేళ్ళలో నన్ను నేనే చాలాసార్లు అడిగి చూసుకున్నాను. జవాబు తేలలేదు. ఆ రోజు మాత్రం బిట్టు వంక చూస్తూ నిలబడ్డాను.

టక్కుమని మిషను పిడి ఆగిపోయింది. బావ ఇంకాస్త నొక్కినా దిగలేదు. బిట్టు పైకెత్తి, రంధ్రంలో పొడి ఊదేశాడు. అడుగు గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఆ మిషనుకి లోతు దాటకుండా అడ్డుగా బిగించే నట్టు ఒకటి ఉంటుంది. చూస్తే అది బిగించి ఉంది. కదలకుండా దాని మీద ఇంకో నట్టు కూడా వేసి ఉంది. నన్ను అడిగి వెళ్ళాక అతను దాన్ని ముట్టుకోలేదు. నేను రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాను కదా. అంటే నన్ను అడిగేటప్పటికే బిగించేసి ఉంది. బల్ల మీద వంచిన వైరు ముక్క ఒకటి ఉంది. నీళ్ళ దారిలోంచి దాన్ని దూర్చి, రంధ్రం అడుగుని తడిమి, మందం లెక్క తీసుకున్నాడన్నమాట. ఎవరూ చూడనప్పుడు స్కేలు పెట్టి రంధ్రం లోతు చూశాను. ముప్పావుకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ.

"సరిగ్గా అక్కడే ఎలా ఆపావయ్యా?" అని పెద్దాయన అడిగాడు.

"మా బావ ఉన్నాడు గద సార్. ఇలాటిది ఇంతకుముందొకటి ఇప్పినాడు. ఆయనకి తెల్సు," అన్నాడు బావ, బిట్టు విప్పుకుంటూ. నా వైపు చూడలేదు.

పెద్దాయన వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నీలాంటి అనుభవం ఉన్నవాడు ఉండబట్టి సరిపోయింది," అన్నాడు. నేను నవ్వాను. ఏం చేయమంటారు, నవ్వాను.

మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వెళ్ళాను. తుక్కులో నా పాత బ్లాకు చుట్టూ గడ్డి తొక్కి ఉంది. మూల రంధ్రంలో ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి ఎవరో గీరి తీశారు. లోపల నేను పెట్టిన చిల్లు శుభ్రంగా కనిపిస్తోంది.

బుష్ బిగిసింది, పాత స్టడ్డు అందులో చక్కగా కూర్చుంది. హెడ్డు నట్లు బిగించే పని నీదే బావా అని నాకే వదిలేశాడు. కారు నడిచింది. పెద్దాయన భార్యని ముందు సీట్లో, మా ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డు మీద తిప్పాడు. ఆవిడ వెనక్కి తిరిగి ఇద్దరికీ దణ్ణం పెట్టింది. నా అసూయ ఏమీ తగ్గలేదు, పెరిగింది. అంతకుముందు అతన్ని గొప్పలకి పోయేవాడని అయినా తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వీలూ లేకుండా చేశాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అదే షెడ్డులో కలిసి పనిచేశాం. నా తప్పు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, మా చెల్లికి కూడా. బావా టీ తాగుదాం అనేవాడు, బావా ఇది కాస్త పట్టుకో అనేవాడు, మీ సెల్లి రమ్మంది బావా అనేవాడు. పని గురించి మాత్రం నన్ను మళ్ళీ ఒక్క మాట అడగలేదు. నాకు బాగా తెలిసిన ఇంజన్ల దగ్గర, నేను పక్కనే నిలబడి ఉన్నా, వైరు వంచుకుని తనే కొలుచుకునేవాడు.