గంట ముందు విశ్వనాథం

కాశీవిశ్వనాథం గారు జన్మలో ఎక్కడికీ వేళకి వెళ్ళలేదు. ఎక్కడికైనా సరే, గంట ముందే వెళ్ళేవారు. ఆరింటికి భోజనానికి రమ్మంటే ఐదింటికి బెల్లు కొట్టేవారు. వాళ్ళుండే చలిదేశంలో, స్కార్‌బరో ఊరి తెలుగు ఇల్లాళ్ళలో సగంమంది తలకి తువ్వాలు చుట్టుకునే ఆయనకి తలుపు తీశారు. వెనకాల నిలబడ్డ భార్య శాంతమ్మకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. "కాసేపు కారులో కూర్చుందామండీ" అంటే, "వచ్చాక కూర్చోవడమేమిటి, ఉల్లిపాయలైనా తరిగిపెడతాను" అని లోపలికి నడిచేవారు. తరిగేవారు కూడా.

పెళ్ళిచూపులకైతే ఏకంగా ఒకరోజు ముందే దిగబడ్డారు. ఆ వేళకి శాంతమ్మ పెరట్లో, నెత్తినిండా కుంకుడు నురగతో ఉంది. ఆ అవతారం చూసి కూడా ఒప్పుకున్నానని ఆయన ఇప్పటికీ గొప్పలు పోతుంటారు.

అరవై దాటగానే స్టూడియోకి వెళ్ళి, కోటు వేసుకుని ఫోటో దిగి, పెద్ద ఫ్రేము కట్టించి తెచ్చారు.

"ఎందుకండీ ఇంత పెద్దది?"

"రేపు దండ వెయ్యడానికి. అప్పటికప్పుడు దొరక్క పాస్‌పోర్టు ఫోటో పెద్దది చేయిస్తారు. మా నాన్నకి అలాగే చేశాం. పాపం, దొంగలా పడ్డాడు."

శాంతమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఫోటోని చలికోట్ల వెనక దాచేసింది.

దాని అవసరం నిజంగానే వచ్చేలా కనిపించింది, 2023 నవంబరులో. ఊరంతా మన దేశం నుంచి వచ్చిన స్టూడెంట్లే, ఏ బేస్‌మెంటు చూసినా పదేసిమంది ఉంటున్న రోజులవి. విశ్వనాథం గారు ఒక రొట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున్నే గేటు తాళం తీసేది ఆయనే. ఆ రోజు తాళం తీశాక, పిండి బస్తాల పక్కన గుండె పట్టుకుని కూలబడ్డారు. రెండు స్టెంట్లు వేశారు. "ఇంకో పది నిమిషాలైతే దక్కేవారు కాదు" అన్నాడు డాక్టరు. ఎక్కడికైనా ముందే వెళ్ళే మనిషి, ఇక్కణ్ణుంచి కూడా ముందే వెళ్ళిపోతాడేమోనని శాంతమ్మ ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఒక్కటే ధైర్యం. డిసెంబరు ఆఖరుకి రిటైరవుతానని ఆయన అప్పటికే రాసిచ్చారు. అదీ ఏడాది ముందే. ఆ తేదీ కోసం ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటూ, ఆరు వారాలు ఉప్పులేని చారు కాచి పోసింది. క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు ఆయన కంచంలోకి చూస్తూ చెప్పారు.

"రిటైర్మెంటు వాయిదా వేసుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"చలి తగ్గేదాకా."

"ఆ చలే కదండీ మీకు వద్దన్నారు. జన్మంతా అన్నిటికీ ముందే పరిగెత్తారు. నేను బతిమాలుకున్న ఈ ఒక్కదానికీ ఆలస్యమా?"

"మజ్జిగ ఉందా?" అన్నారాయన.

ఆవిడ ఏడ్చింది, పోట్లాడింది, రెండుపూటలు అన్నం మానేసింది. ఆయన మజ్జిగ మాట తప్ప ఇంకో మాట ఎత్తలేదు. మొండితనమో, ఇంట్లో తనతో కూర్చోవడం ఇష్టంలేకో ఆవిడకి తెలియలేదు. ఆ రెండో అనుమానం లోపల ముల్లులా గుచ్చుకుంది. ఆఖరికి కారు తాళాలు కొంగున ముడేసుకుంది.

"వెళ్ళాలంటే నేనే దింపుతాను. మీరు స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు."

"అయితే నాలుగింటికి లేవాలి."

"షిఫ్టు ఆరింటికి కదా?"

"గంట ముందు" అన్నారాయన.

జనవరి, మైనస్ ఇరవై రెండు. ఐదింటికి కారు ఫ్యాక్టరీ ముందు ఆగింది. లైట్ల వెలుగులో గోడవార పదిహేనుమంది స్టూడెంటు పిల్లలు కనిపించారు. గాలి తగలకుండా ఒకళ్ళ వీపుకొకళ్ళు ఆనుకుని నిలబడి ఉన్నారు. "అంకుల్ వచ్చిండు" అంటూనే ఒకమ్మాయి ఏడ్చేసింది. విశ్వనాథం గారు తాళం తీసి, క్యాంటీన్‌లో హీటరు వేసి, కెటిల్లో నీళ్ళు పెట్టారు.

ఆ అమ్మాయి పేరు రిషిత, కరీంనగర్ పిల్ల. శాంతమ్మ పక్కన కూర్చుని, కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని చెప్పింది. "మొదటి బస్సు నాలుగు యాభైకి దింపుతది ఆంటీ. రెండోదానికొస్తే షిఫ్టుకు లేటు. లేటైతే పేరు కొట్టేస్తరు, మా జాగాల రానీకి వందమంది ఉన్నరు. గేటేమో రూల్ ప్రకారం ఐదు నలభై ఐదుకు తీస్తరు. అంకుల్ ఒక్కరే ఐదుకు తీస్తుండె."

"మరి ఈ ఆరు వారాలూ?"

"బయటనే నిలబడ్డం. ప్రజ్వల్‌కి చలికి వేలు చచ్చుబడి, కొస తీసేసిన్రు." బస్సు టైము చెప్పినట్టే చెప్పింది. "అంకుల్‌కి చెప్పొద్దనుకున్నం. ఎవరో ఫోన్ల చెప్పిన్రు."

కెటిల్ దగ్గర విశ్వనాథం గారు, ఎడమచేతికి కట్టుకట్టిన ఒక పొడుగాటి కుర్రాడికి టీ పోస్తున్నారు. వాడి మొహంలోకి చూడటం లేదు.

శాంతమ్మ తిరిగొచ్చి, కారు ఇంటిముందు ఆపి, చాలాసేపు దిగలేదు. ఆయన్ని ఇంట్లో కూర్చోబెడితే ఇంకో పిల్లాడి వేలు. పంపిస్తే ఆయన. ఎటు తేల్చినా తన మెడకే. ఇంత కోపం ఎవరిమీద పెట్టుకోవాలో కూడా ఆవిడకి తెలియలేదు.

సాయంత్రం అడిగింది. "ఆ తాళం ఇంకొకళ్ళకి ఇవ్వరా?"

"పర్మనెంట్ వాళ్ళకే ఇస్తారు. వాళ్ళల్లో ఐదింటికి వచ్చేవాళ్ళు లేరు. రిషిత మార్చిలో పర్మనెంట్ అవుతుంది."

"ముందే నాతో చెబితే ఏం పోయింది?"

"చెబితే నువ్వు వద్దనలేవు. రేపు నాకేమైనా అయితే, నేనే పంపించానని ఏడుస్తావు. అది కూడా నీకెందుకని."

ఆవిడ ముక్కు చీదుకుంది. "మార్చి ముప్పై ఒకటి. ఆ మర్నాడు గేటు దగ్గర కనిపించారో, పైకి నేనే పంపిస్తాను. టీ నేను పెడతాను. మీరు తాళం తీసి కుర్చీలో కూర్చోవాలి. మందులు నా కళ్ళెదుట మింగాలి."

రెండున్నర నెలలు అలాగే గడిచాయి. ప్రతి ఎర్రలైటు దగ్గరా శాంతమ్మ ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసేది. పచ్చలైటు పడ్డా వదిలేది కాదు, వెనక కార్లు హారన్లు కొట్టేవి. మార్చి పదిహేనుకి రిషిత చేతికి తాళం వచ్చింది. ఆ రోజే విశ్వనాథం గారు రిటైరైపోయారు. చెప్పినదానికంటే పదహారు రోజులు ముందే.

పిల్లలు గుర్తుగా ఒక ఫోటో ఇవ్వమన్నారు. ఆయన చలికోట్ల వెనకనుంచి రెడీమేడుగా తీసిచ్చారు. దాన్ని క్యాంటీన్‌లో కెటిల్ పైన తగిలించారు.

సెప్టెంబరులో ఒకరోజు ఫోను మోగింది. శాంతమ్మ స్పీకరు నొక్కింది. అవతల ఎవరో కుర్రాడు, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "నమస్తే ఆంటీ, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళం. అంకుల్ అందరికీ ఎంత చేశారో విన్నాం. పాతవాళ్ళనెవరినీ అడక్కుండా, ఇవాళ మేమే ఆయన ఫోటోకి దండ వేశాం. సంవత్సరీకం ఎప్పుడో చెబితే పళ్ళు పంచుదామని..."

శాంతమ్మ ఫోను బల్లమీద పెట్టేసింది. పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న విశ్వనాథం గారు ఫోను మీదికి వంగారు.

"బాబూ, గేటు ఎన్నింటికి తీస్తున్నారు?"

"ఐదింటికే సార్, రిషితక్క తీస్తుంది. మీరెవరు?"

"ఫోటోలో ఉన్నవాణ్ణి."

అవతల కెటిల్ మూత కిందపడ్డ చప్పుడు వినిపించింది.

"భయపడకు నాయనా, దండ ఉండనీ. మీరే తొందరపడ్డారు. దీనికి మాత్రం నేను లేటుగా వస్తాను."

"ఆ మాట మీదే ఉండండి" అంది శాంతమ్మ, కళ్ళు తుడుచుకుని, తన వాటా చిక్కుడుకాయలు కూడా ఆయన ముందుకి తోస్తూ.