సాయిలు దండం

ఖాజాగూడ ఆటో డ్రైవర్ సాయిలుకు పొద్దున్నుంచీ కుదురు లేదు. నెలరోజులు ఒక అభ్యర్థి కోసం గడపగడపకూ తిరిగి, కనబడినవాళ్లందరికీ దండం పెట్టి ఓటడిగాడు. ఈరోజు పోలింగు. బూత్‌కు వంద మీటర్ల లోపల ప్రచారం చేయకూడదు. ఆ సంగతి అతని చేతులకు తెలియడం లేదు. వరుసలో నిలబడి కూడా, మనిషి ఎదురైతే చాలు, దండం పెట్టేస్తున్నాడు.

"ఏందిర గిది, ఈడ గూడ ఓట్లడుగుతున్నవా? ఇంకోపాలి చేతులు లేపితే జీపెక్కిస్త!" అని కానిస్టేబుల్ గద్దించాడు.

సాయిలు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అంతలో ఓటెయ్యడానికి వచ్చిన మేనత్త లింగవ్వ అతని ముందు ఆగింది. కానిస్టేబుల్ ఇటే చూస్తున్నాడు. సాయిలు తల దించుకున్నాడు.

లింగవ్వ మొహం మాడింది. "మొన్నటిదాక వాకిట్లకొచ్చి దండం పెడితివి. ఓటు పడేదాకనన్న ఆగకపోతివి అల్లుడా!"